ఎక్కడిదాకా తెలుసో

బడి కిటికీ ఊచల్లోంచి చూస్తే అమ్మకి ముందు గువ్వ వీపే కనపడింది. గోడవైపు తిరిగి నిలబడి ఉంది. నాలుగేళ్ల పిల్ల, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, గోడకి సున్నం పెచ్చులూడిన చోటుని ముక్కు ఆనించేంత దగ్గరగా చూస్తోంది. తక్కిన పిల్లలంతా నేలమీద గుండ్రంగా కూర్చుని రంగుకాగితాలు చింపి అంటిస్తున్నారు. ఆ గుండ్రంలో గువ్వ కూర్చోవాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఎవరూ జరిగి దాన్ని పూడ్చలేదు.

"ఇక చాల్లే, వచ్చి కూర్చో," అంది టీచరమ్మ, బల్లమీంచి తలెత్తకుండానే.

గువ్వ కదల్లేదు.

"చూశారా?" టీచరమ్మ కిటికీవైపు తిరిగింది. అమ్మ వచ్చి నిలబడ్డ సంగతి ముందే గమనించిందన్నమాట. "శిక్ష అయిపోయింది, రమ్మన్నా రాదు. పంతం. వినపడలేదంటే నన్ను నమ్మమంటారా? ఇందాక గాలికి తలుపు ధడేలుమంటే అందరికన్నా ముందు ఉలిక్కిపడింది ఇదే."

"గువ్వా!" అని పిలిచింది ఆమె, ఊచలకి మొహం ఆనించి. కంగారులో గొంతు సన్నబడిపోయింది. గువ్వ తిరగలేదు. ఊపిరి తీసుకుని, ఈసారి గొంతు బాగా దించి, పొట్టలోంచి పిలిచింది. గువ్వ చటుక్కున తిరిగి, కిటికీలో అమ్మ మొహం చూసి, పళ్లన్నీ కనపడేలా నవ్వింది.

"మీరు పిలిస్తే తిరుగుతుంది. నేను పిలిస్తే తిరగదు. దీన్నేమంటారో మీరే చెప్పండి." టీచరమ్మ గొంతులో కోపంకన్నా అలసట ఎక్కువుంది. లేచి కిటికీ దగ్గరికొచ్చింది. "ఇరవై ఆరుమంది ఉన్నారమ్మా నాకు. ఒక్కదాని వెనకాలే తిరగలేను కదా. శుక్రవారంలోగా చెవుల డాక్టరు దగ్గర్నుంచి కాగితం తెండి. చెవుల్లో లోపముంటే సరే, ముందు వరసలో కూర్చోబెడతాను. లేదంటే మొండిపిల్లల బడికి రాసి పంపేస్తాం. పైవాళ్లు అడుగుతున్నారు."

మొండిపిల్లల బడి. ఆ బడి గేటుకి లోపలినుంచి తాళం వేసి ఉంటుంది. రోజూ పనికి పోతూ ఆ తాళాన్ని చూస్తూనే ఉంటుంది ఆమె. చూసిన ప్రతిసారీ, లోపల ఎవరి పిల్లలో పాపం అనుకుని అడుగు తొందరగా వేసేది.

*

చెవుల డాక్టరమ్మ వారానికి రెండు రోజులే వస్తుంది, మంగళవారం, శుక్రవారం. ఎక్కడినుంచో వస్తుంది. ఆవిడకి ఇంగ్లీషు తప్ప ఇంకో భాష రాదు. అందుకని మధ్యలో నర్సు.

నర్సు చేతిలో అట్ట, అట్టకి బిగించిన రెండు కాగితాలు. ఇరవై ప్రశ్నలు, ఒక్కో ప్రశ్న పక్కనా రెండు గళ్లు.

"పిలిస్తే పలుకుతుందా?"

"పలుకుతుందండీ. అంటే... ఒక్కోసారి. నేను దగ్గరుండి పిలిస్తే పలుకుతుంది. వెనకనుంచి పిలిస్తే ఒక్కోసారి పలకదు, ఒక్కోసారి పలుకుతుంది కూడా. అది వినపడకో, ఆటలో పడో, నాకు సరిగ్గా—"

"యెస్," అంది నర్సు. పెన్ను గళ్లో టిక్కుమంది. "మాటలొచ్చాయా?"

"వచ్చాయండీ, కానీ తల తెగిపోయి వస్తాయి. సబ్బు అనమంటే అబ్బు అంటుంది. చెప్పు అనమంటే ఎప్పు—"

"ఆ వయసులో మావాడు నన్నే పేరుపెట్టి పిలిచేవాడు. యెస్. చప్పుళ్లకి ఉలిక్కిపడుతుందా?"

"తలుపు వేస్తే పడుతుంది. కానీ గిన్నె మీద చెంచాతో—"

"యెస్."

ఇరవై టిక్కులూ ఒకే గళ్ల వరసలో, పైనుంచి కిందికి, జిప్పు పళ్లలా పడ్డాయి. డాక్టరమ్మ తెల్లజుట్టుని పొట్టిగా కత్తిరించుకున్న మనిషి. కాగితం మీద చూపు పైనుంచి కిందికి జార్చింది. గువ్వ చెవుల్లోకి చిన్న దీపం పెట్టి చూసింది. తర్వాత నర్సుని కాదని నేరుగా ఆమె మొహంలోకి చూసి అడిగింది.

"డజ్ షి హియర్ యూ? యెస్ ఆర్ నో?"

అడగడం మెత్తగానే అడిగింది. కసురుకుని ఉంటే బాగుండేది, భయపడ్డానని చెప్పుకోవడానికైనా ఉండేది. ఎనిమిదో తరగతితో ఆగిపోయిన ఇంగ్లీషు ఆమె నాలిక కొనదాకా వచ్చి నిలబడింది. అందులో యెస్ ఉంది, నో ఉంది. రెంటికీ మధ్య కాలు పెట్టడానికి జానెడు చోటు కూడా లేదు. నో అంటే నా పిల్ల చెవిటిది అని తన నోటితో తానే రాసిచ్చినట్టు. యెస్ అంటే అబద్ధమో కాదో తెలీదు. గువ్వ ఆమె మోకాలు పట్టుకుని ఊగుతోంది.

"యెస్," అంది ఆమె.

డాక్టరమ్మ తలాడించి ఏదో రాసింది.

"చెవులు శుభ్రంగా ఉన్నాయట," అంది నర్సు బయటికొచ్చాక. "అన్నీ యెస్‌లే ఉంటే పరీక్ష గదికి పంపరు. బుద్ధులు చెప్పే డాక్టరుకి చూపించమంది." నాలుగడుగులు వేసిందల్లా ఆగింది. ఆమె మొహం చూసి కాబోలు. "ఇదిగో, నా మీద కోపం పెట్టుకోకండి. నా వెనక అరవైమంది ఉన్నారు, నా నోట్లోంచి పోతే ఏ మాటైనా పొట్టిగానే పోతుంది. చెప్పాల్సింది ఇంకా ఉందనుకుంటే శుక్రవారం ఇంగ్లీషులో రాసి తెండి. ఆవిడ కాగితం చదువుతుంది. చదవకుండా పక్కన పెట్టడం నేనెప్పుడూ చూడలేదు."

*

"అసలు వింటుందా, వినదా?" అన్నాడు మొగుడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, వేళ్ల సందుల్లో గ్రీజు ఎంత కడిగినా పోదు. "ఏదో ఒకటి చెప్పవే. లిఫ్టు ఎక్కితే పైకి పోతుందా అని అడిగినవాడికి ఒక్కోసారి పోతుందండీ అంటే ఎవడెక్కుతాడు?"

"నువ్వూ అంతేరా," అంది అత్తయ్య, పిల్ల గౌనుకి గుండీ కుడుతూ. "చిన్నప్పుడు పిలిస్తే పలికేవాడివి కాదు. ఇప్పుడూ పలకవు. నీకేమన్నా చెవుడా? పిల్ల లక్షణంగా వింటుంది. నిన్న నేను కంచం కింద పడేస్తే ఉలిక్కిపడి ఏడ్చింది."

"పడేశారా, పడిందా?" అంది ఆమె.

"ఏదైతేనేం. విందిగా?"

ఇద్దరు చెప్పిందీ నిజమే. అదే బాధ.

*

ఆమె పని పింగాణీ కప్పుల ఫ్యాక్టరీలో, చప్పుడు బల్ల దగ్గర. కొలిమిలోంచి వచ్చి చల్లారిన కప్పులు పట్టీమీద నడిచొస్తాయి. ఒక్కోదాన్నీ అడుగుభాగం పట్టుకుని ఎత్తాలి. వేళ్లు కప్పు ఒంటికి తగిలితే చప్పుడు చచ్చిపోతుంది. పెన్సిలంత కర్రపుల్లతో అంచుమీద కొట్టాలి. కణ్‌మని సాగితే ఎడమ డబ్బా. టప్‌మని ఆగితే లోపలెక్కడో కంటికి కనపడని బీట ఉన్నట్టు, కుడి డబ్బా. ఏదో తేల్చుకోలేకపోతే మధ్య డబ్బా. మధ్య డబ్బాలోవి చీటీల పిన్ని దగ్గరికి వెళ్తాయి.

చీటీల పిన్ని ఎవరికీ పిన్ని కాదు, అందరికీ పిన్నే. ముక్కుమీదికి జారిన కళ్లజోడు, చెవిలో పెన్సిలు. మధ్య డబ్బాలో ప్రతి కప్పుకీ ఇంగ్లీషులో చిన్న చీటీ రాసి దారంతో పిడికి కడుతుంది. అవి పెద్ద పరీక్షకి ఎక్కడికో పోతాయి.

బుధవారం విరామంలో టీ తాగకుండా ఆమె పిన్ని బల్ల దగ్గరికి పోయి నిలబడింది.

"పిన్నీ, ఈ చీటీల మీద ఏం రాస్తారు?"

"నీ ఉద్యోగం వదిలి నా ఉద్యోగం కావాలా?" అంటూనే పిన్ని కళ్లజోడు పైకి తోసుకుని ఒక చీటీ తిప్పి చదివింది. "రింగ్స్ వెల్ ఎట్ ద రిమ్. డల్ నియర్ ద హ్యాండిల్. నో క్రాక్ సీన్. నాట్ ష్యూర్. ప్లీజ్ చెక్. అంచు దగ్గర బాగా మోగుతోంది, పిడి దగ్గర మోగడం లేదు, బీట కంటికి కనపడలేదు, గట్టిగా చెప్పలేను, మీరు చూడండి. అంతే."

"నాట్ ష్యూర్ అని రాయొచ్చా?" ఆమె గొంతు తగ్గింది, ఎవరైనా వింటారన్నట్టు. "ఏమనుకోరా? తెలీనిదానివి ఎందుకున్నావక్కడ అనరూ?"

"తెలీదు అని ఊరికే రాస్తే అంటారు. అనాలి కూడా. అది బద్ధకం." పిన్ని ఆ కప్పుని బల్లమీద బోర్లించి పెన్సిలుతో చూపించింది. "చూడు. ఇక్కడిదాకా నాకు తెలుసు. ఇక్కడికొచ్చాక తెలీదు. ఆ గీత ఎక్కడుందో రాయాలి. తెలీదు అనేదానికి కూడా అంచులుంటాయి అమ్మాయ్. అంచు చూపించావనుకో, అవతలివాడు దాన్ని పట్టుకుని లోపలికి పోతాడు. మా పైవాళ్లు ఎడమ డబ్బా చూడరు, కుడి డబ్బా చూడరు. నా చీటీలు ఒక్కోటీ చదువుతారు."

ఆమె ఆ చీటీని చేతిలోకి తీసుకుంది. ఐదు ముక్కలు, చీమల్లాంటి అక్షరాలు. ఇంగ్లీషంటే తెలిసినవాళ్లు తమకి తెలిసింది చెప్పుకునే భాష అనుకుందింతకాలం. అందులో తెలీకపోవడానికి కూడా మాటలున్నాయని, వాటిని ఇలా తిన్నగా, సిగ్గుపడకుండా వరసలో నిలబెట్టొచ్చని, దారం కట్టి దూరదేశం పంపొచ్చని ఎవరూ చెప్పలేదు. చీటీ చాలా తేలిగ్గా ఉంది.

"పిన్నీ, నాకో కాగితం రాసిపెట్టాలి," అంది.

సంగతంతా విన్నాక పిన్ని తల అడ్డంగా ఊపింది. "నేను రాస్తే నా కాగితమవుతుంది. పిల్లని చూసేది నువ్వు. నువ్వు రాయి, నేను దిద్దుతా."

విరామం అయిపోయేలోపు చీటీ వెనకాల ఆమె రాసింది పిన్ని పైకి చదివి నవ్వాపుకోలేకపోయింది. "మై డాటర్ ఈజ్ హియరింగ్ అండ్ నాట్ హియరింగ్. బాగుంది. డాక్టరుకి దీంతో పిచ్చెక్కుతుంది." నవ్వు ఆపి, కాగితం వెనక్కిచ్చింది. "ఇందులో నువ్వు చూసిందెంత, అనుకుందెంత, భయపడిందెంత? మూడూ కలిపి ముద్ద చేశావు. విడదియ్యి. చూసిందానికి ఐ సా. అనుకుందానికి ఐ థింక్. రెండింట్లో ఏదీ కాకపోతే ఐ యామ్ నాట్ ష్యూర్. వెళ్లి ముందు చూడు. రాయడం తర్వాత."

*

పనికిరాని కప్పుల గుట్టలోంచి ఎవరైనా తీసుకుపోవచ్చు. ఆమె మూడు తెచ్చింది. అరచేతిలో ఇమిడే చిన్న కప్పు, ఒక గిన్నె, మూతలేని పెద్ద జాడీ. అన్నీ బాగా మోగేవే, రంగు కుదరక పక్కన పడ్డవి.

గురువారం పొద్దున గువ్వ నేలమీద కూర్చుని అగ్గిపెట్టెలు ఒకదానిమీద ఒకటి పేరుస్తోంది. ఆమె వెనకాల గోడవారగా కూర్చుంది. జాడీని కర్రపుల్లతో కొట్టింది. బమ్‌మంది. గువ్వ తిరిగింది. గిన్నె కొట్టింది. తిరిగింది. కాసేపాగి మళ్లీ కొట్టింది. తిరగలేదు. మళ్లీ. తిరిగింది. చిన్న కప్పు కొట్టింది. ఆ కణ్ అనేది ఆమె చెవుల్లో సూదిలా దిగింది, గదంతా నిండింది.

గువ్వ ఇంకో అగ్గిపెట్టె పెట్టింది.

మళ్లీ కొట్టింది. ఈసారి గువ్వ తిరిగింది. ఆమె కాగితంమీద ఒక గుర్తు పెట్టుకుంది. తర్వాత చూసుకుంటే, వెనక కిటికీలోంచి ఎండ పడి, ఎత్తిన తన చెయ్యి నీడ అగ్గిపెట్టెల మీద ఉంది. ఆ గుర్తుని కొట్టేసింది. చోటు మారి, నీడ తన వెనక పడేలా కూర్చుంది. మళ్లీ మొదలుపెట్టింది.

"పొద్దున్నే ఈ భజంత్రీలేంటే?" అంటూ అత్తయ్య వచ్చింది, ఆ వెనకే మొగుడు, మొహంమీద సబ్బు నురగతో. ఆమె మాట్లాడొద్దని సైగ చేసింది. జాడీ పదిసార్లకి పదిసార్లు. గిన్నె పదికి ఆరు. చిన్న కప్పు పదికి సున్నా. అత్తయ్య సూదీ దారం చేతిలో పట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

మొగుడు గువ్వ వెనక్కొచ్చి గొంతుక్కూర్చున్నాడు. మూతి ముడిచి ఈల వేశాడు. రోజూ సాయంత్రం మెట్లెక్కుతూ వేసే ఈల. గువ్వ అగ్గిపెట్టెల గోడని ఒక వేలితో సరిచేసుకుంటోంది. ఇంకాస్త గట్టిగా వేశాడు. వీధిలో పోయే మనిషెవరో ఆగి పైకి చూశాడు. గువ్వ చూడలేదు.

చాలాసేపు అతను లేవలేదు. మొహంమీద నురగ ఆరిపోయి పొట్టు కట్టింది.

"నేనొస్తున్నానని తెలిసీ తిరగట్లేదనుకున్నా," అన్నాడు. "నా మీద అలకేమోనని. ఇంట్లో ఎక్కువసేపు ఉండట్లేదని."

ఆమె కర్రపుల్ల కింద పెట్టింది.

"నో అని రాసేయ్," అన్నాడు.

"నో కాదండీ. జాడీకి ప్రతిసారీ తిరిగింది."

"అయితే యెస్సా?"

"యెస్ కూడా కాదు. మీ ఈల వినలేదు."

అతను లేచి మొహం కడుక్కోవడానికి పోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "ఈల సంగతి కూడా రాయి," అన్నాడు, ఇటు తిరక్కుండా.

*

ఆ రోజు విరామంలో పిన్ని రెండు మాటలు కొట్టేసి, ఒక్కో మాటా అటూ ఇటూ జరిపించి, మళ్లీ రాయించింది. మూడోసారికి తేటగా వచ్చింది.

ఐ సా: షి టర్న్స్ ఫర్ ద బిగ్ జార్, టెన్ టైమ్స్ అవుట్ ఆఫ్ టెన్. ఐ సా: ఫర్ ద బౌల్, సిక్స్ టైమ్స్. ఫర్ ద స్మాల్ కప్, నో టైమ్. షి డజ్ నాట్ టర్న్ ఫర్ హర్ ఫాదర్స్ విజిల్. ఐ థింక్ షి హియర్స్ బిగ్ సౌండ్స్ అండ్ నాట్ థిన్ సౌండ్స్. ఐ యామ్ నాట్ ష్యూర్. మే బీ షి లుక్స్ ఎట్ మై ఫేస్ అండ్ అండర్‌స్టాండ్స్. ఆన్ ట్యూస్‌డే ఐ సెడ్ యెస్. ఐ వాజ్ అఫ్రెయిడ్. ఇట్ వాజ్ నాట్ ఎ ట్రూ యెస్.

"ఇంతేనా?" అంది పిన్ని.

"ఇంకో రెండున్నాయి. రాయాలో వద్దో తెలీదు."

"రాయి. రాశాక చూద్దాం."

ఆమె పెన్సిలు కొరికి, బల్లమీదికి వంగి, ఒక్కో అక్షరమే రాసింది. ఐ వాంట్ ఇట్ టు బి హర్ ఇయర్స్, సో షి ఈజ్ నాట్ ఎ బ్యాడ్ చైల్డ్. ఐ డు నాట్ వాంట్ ఇట్ టు బి హర్ ఇయర్స్.

చెవుల్లోనే లోపముండాలని ఉంది. చెవుల్లో లోపం ఉండకూడదని ఉంది. రాసి తల ఎత్తింది. ఒకదాని కింద ఒకటి అలా కొట్టుకోకుండా నిలబడ్డాయి. ఇన్నాళ్లూ లోపల ఒకదాని గొంతు ఒకటి పట్టుకుని ఆమెకి తిండి సయించనివ్వని రెండూ ఇవే.

పిన్ని చదివింది. చెవిలోంచి పెన్సిలు తీసింది. కాగితానికి ఆనించకుండానే మళ్లీ చెవిలో పెట్టేసుకుంది.

"దీన్ని నేను దిద్దను," అంది.

*

శుక్రవారం నర్సు కాగితాన్ని అందుకుని, ఒక వాక్యం చదివి, కళ్లెగరేసి, ఏమీ అనకుండా తీసుకెళ్లి డాక్టరమ్మ ముందు పెట్టింది.

డాక్టరమ్మ మంగళవారంలా పైనుంచి కిందికి చూపు జార్చలేదు. వేలు పెట్టి చదివింది. గిన్నె దగ్గర వేలు ఆగింది. చివరి రెండు వాక్యాల దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగింది. ఇప్పుడు నవ్వుతుంది, లేదా మళ్లీ యెస్సా నోనా అంటుంది, అనుకుంది ఆమె.

"హూ రోట్ దిస్?"

"ఐ," అంది ఆమె.

డాక్టరమ్మ లేచి పరీక్ష గది తలుపు తనే తెరిచింది.

ఆ గదిలోకి అడుగుపెట్టగానే ఆమెకి మొదట తన ఊపిరి వినపడింది, తర్వాత గుండె. గోడలన్నీ మెత్తగా, బూడిదరంగు పరుపుల్లా ఉన్నాయి. బయట అరవైమంది ఉన్నారని చెప్తే నమ్మలేం. అంత నిశ్శబ్దం ఉంటుందని కూడా ఆమెకి తెలీదు. గువ్వని చిన్న కుర్చీలో కూర్చోబెట్టి, చెక్కముక్క ఒకటి చేతికిచ్చి, చప్పుడు రాగానే బుట్టలో వెయ్యాలని నర్సు రెండుసార్లు చేసి చూపించింది. చప్పుడు వచ్చేదాకా ముక్కని చెంపకి ఆనించి ఉంచాలి. ఆమెని వెనకాల కూర్చోబెట్టి, కదలొద్దు, మొహంలో కూడా ఏమీ కదలనివ్వొద్దు అంది. డాక్టరమ్మ అద్దం అవతల కూర్చుంది.

మూలనున్న పెట్టెలోంచి బొంగురు చప్పుడొచ్చింది. గువ్వ ముక్కని బుట్టలో వేసింది. ఇంకోటి తీసుకుని చెంపకి ఆనించుకుంది. చప్పుడు తగ్గుతూ తగ్గుతూ పోయింది, ఆమెకే వినపడీ వినపడనంత. గువ్వ వేస్తూనే ఉంది. ఆమె గర్వంగా ఊపిరి పీల్చుకోబోయి ఆపుకుంది.

తర్వాత చప్పుడు సన్నబడటం మొదలైంది. ఒకటి వేసింది. ఒకటి వెయ్యలేదు. ఆపైన, తీగ మీటినట్టు సన్నటిదొకటి వచ్చింది. ఆమెకి ఎంత స్పష్టంగా వినపడిందంటే, పళ్లు జివ్వుమన్నాయి. అది పెరిగింది. గది మొత్తం అదే అయింది. గువ్వ ముక్కని చెంపకి ఆనించుకుని కూర్చుంది. మెడ నిటారుగా, కాళ్లు ఊపకుండా, కళ్లు బుట్టమీద. చెయ్యి నొప్పి పుట్టి కాబోలు రెండో చేతిని మోచేతి కింద పెట్టుకుంది. ముక్క మాత్రం చెంపనుంచి కదల్లేదు.

పిలుపు కోసం ఎదురుచూస్తోంది. వస్తే వెయ్యడానికి. ఎంతసేపైనా.

ఆమె చూస్తూ ఉండిపోయింది. పంతమన్నది దీన్నా? ఇంత ఓపికగా, ఇంత బుద్ధిగా ఇంకొకరి మాట కోసం కాచుకుని కూర్చున్న మనిషిని తను పుట్టి ఇంతవరకూ చూడలేదు. గోడవైపు తిరిగి నిలబడ్డప్పుడూ ఇలాగే కాచుకుని ఉంటుంది. ఇక రా అని ఎవరైనా పిలుస్తారని. పిలిచారని తెలీక. కన్న తనకే ఈ పిల్ల ఎంతటిదో తెలీదు. ఆ నాలుగేళ్ల వీపు ముందు లేచి నిలబడాలనిపించింది ఆమెకి. కదలొద్దన్నారు కాబట్టి కూర్చుంది.

*

పరీక్షలో తేలిన గీత కాగితంమీద ఎడమపక్క పైన మొదలైంది. కాసేపు తిన్నగా నడిచి, మధ్యకొచ్చేసరికి కాలు జారినట్టు కిందికి, కిందికి, అట్టడుగుకి పోయింది. డాక్టరమ్మ దాని పక్కన ఆమె రాసిన కాగితం పరిచింది. పెన్ను తిన్నగా నడిచే గీత మీద పెట్టింది. "బిగ్ జార్." గీత జారుతున్న ఏటవాలు మీద పెట్టింది. "బౌల్. సిక్స్ అవుట్ ఆఫ్ టెన్." అట్టడుగున పెట్టింది. "స్మాల్ కప్. విజిల్."

ఆమె వంగి చూసింది. తనకి ఏ మాటా దొరకనిది, ఒక్కోసారి అని నసిగి అందరితో మాటపడ్డది, అక్కడ ఉంది. ఏటవాలుగా, పొడుగ్గా, నల్లటి సిరాతో. అది తన తెలివితక్కువతనం కాదు. నిజమే ఆ ఆకారంలో ఉంది.

డాక్టరమ్మ మంగళవారం నాటి రెండు కాగితాలూ దస్త్రంలోంచి తీసి, ఇరవై టిక్కుల మీదుగా ఒక గీత గీసింది. నర్సుతో ఏదో అంది.

"ఆరోజు తనే ఇంకా అడిగి ఉండాల్సింది అంటోంది," నర్సు నేల చూపులు చూస్తూ చెప్పింది. "సన్నటి చప్పుళ్లు వినపడవట. అందుకే సబ్బులో స ఎగిరిపోతోంది. చెవి వెనక యంత్రం పెడతారు. బడికి ఉత్తరం ఇవాళే ఇస్తుంది, ముందు వరసలో కూర్చోబెట్టమని, మొహం చూస్తూ మాట్లాడమని. వేరే బడి అక్కర్లేదు అని కూడా రాస్తోంది."

ఆమె అడగాల్సింది ఇంకొకటుంది, అడక్కుండా లేవలేదు. నర్సుని అడగలేదు. అటు తిరిగి, మాటలు ఏరుకుంటూ, "ఇట్ విల్ గో... మోర్ డౌన్?" అంది. ఏటవాలు గీతకేసి చూపిస్తూ.

తెల్లజుట్టు డాక్టరమ్మ, గోడనిండా పట్టాలున్న డాక్టరమ్మ, పెన్ను కింద పెట్టింది. తర్వాత అంది, ఆమె కళ్లలోకి చూసి, ఏ తొట్రుపాటూ లేకుండా.

"ఐ యామ్ నాట్ ష్యూర్."

అక్కడితో ఆగలేదు. ఒక్కో వేలూ మడుస్తూ చెప్పింది, నర్సు ఈసారి ఒక్క మాట కూడా పొట్టి చెయ్యకుండా చెప్పింది. గీత ఎడమపక్క, అంటే లావు చప్పుళ్లు, గట్టిగా ఉంది, అది తెలుసు. గీత కుడిపక్క పుట్టుకనుంచే ఇలా ఉందనుకుంటున్నాను, అది అనుకోవడమే. ఇంకా జారుతుందో లేదో మూడు నెలలకోసారి కొలిస్తేగానీ చెప్పలేను, ఆ కొలత నేనే చేస్తాను. ఆమె వింటూ ఉంది. భయం పోలేదు. కానీ కాళ్ల కింద నేల తగిలింది.

చూడటానికని ఒక యంత్రం తెచ్చి గువ్వ చెవి వెనక తగిలించారు, చిక్కుడుగింజంత ఉంది. గువ్వ మొహం చిట్లించి దాన్ని గోకింది. నర్సు చిటికె వేసినా పట్టించుకోకుండా, కిటికీ దగ్గరికి పోయి, వీపు ఇటుపెట్టి అద్దంమీద వేలితో గీతలు గీస్తోంది. డాక్టరమ్మ తనకో నకలు తీయించుకుని, ఆమె కాగితం ఆమెకిచ్చేసింది. ఆమె దాన్ని పాత మడతల వెంబడి జాగ్రత్తగా మడిచింది.

గువ్వ తిరిగింది.

ఎవరూ పిలవలేదు. గువ్వ అమ్మ మొహంకేసి చూడలేదు, చేతులకేసి చూసింది. నడిచొచ్చి కాగితం లాక్కుంది. విప్పింది. ఆగింది. మళ్లీ మడిచింది. పిడికిట్లో పెట్టి నలిపింది, నలుపుతూ చెవి దగ్గర పెట్టుకుంది.

"అమ్మా," అంది, కళ్లు ఇంతింత చేసుకుని. "ఇది అరుతోంది!"

ఆమె చెయ్యి ముందుకి పోయింది. రెండు రోజులపాటు ఒక్కో అక్షరమే ఏరి రాసుకున్న కాగితం. చెయ్యి గాల్లోనే ఆగింది. గువ్వ నలుపుతోంది, చదును చేస్తోంది, మళ్లీ నలుపుతోంది. మూల కాస్త చిరిగింది. ఆ చిరిగిన చప్పుడుకి ఇంకా సంబరపడి ఇంకాస్త చింపింది. నర్సు తలుపు దగ్గర తర్వాతి పేరు పిలవడం మరిచిపోయి నిలబడింది.

ఆమె కుర్చీలోంచి జారి, గువ్వ పక్కన నేలమీద కూర్చుని, తనూ చెవి దగ్గరగా పెట్టింది. కాగితం నిజంగానే అరుస్తోంది.